పొరుగు జట్లు, దూరపు డబ్బు: ప్యాక్-12 కూటమి కథ

2023 ఆగస్టు 4, శుక్రవారం. అమెరికా పశ్చిమ ప్రాంతంలోని తొమ్మిది విశ్వవిద్యాలయాల అధ్యక్షులు ఆ ఉదయం ఆపిల్ సంస్థతో ప్రసార ఒప్పందానికి సరేనంటారని క్రీడాలోకం ఎదురుచూసింది. సాయంత్రానికి వాళ్లలో ఐదుగురు కూటమికి దండం పెట్టి బయటికి నడిచారు. వాషింగ్టన్, ఒరెగాన్ విశ్వవిద్యాలయాలు బిగ్ టెన్ కూటమికి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 కూటమికి వెళ్లిపోయాయి. అంతకుముందే ముగ్గురు వెళ్లారు. నెల తిరిగేలోపు మరో ఇద్దరు వెళ్లారు. 1915లో పుట్టి, దేశంలో మరే కూటమికీ లేనన్ని జాతీయ టైటిళ్లు గెలిచి, ‘విజేతల కూటమి’ అని తనను తాను పిలుచుకున్న ప్యాక్-12లో చివరికి ఇద్దరే మిగిలారు.

ఈ పతనం గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది ఒక కమిషనర్ అహంకారాన్నో, ఒక టీవీ సంస్థ పిసినారితనాన్నో తప్పుపట్టారు. వాటి వాటా వాటికి ఉంది. కానీ అసలు తప్పు అంతకన్నా పాతదని నా అభిప్రాయం. ఫుట్‌బాల్ అనే ఒక్క ఆట తెచ్చే డబ్బుకు మిగిలిన ఇరవై పైచిలుకు ఆటల భూగోళాన్ని ముడిపెట్టారు. డబ్బు దూరం పోగానే ఆటలన్నీ దాని వెంట దూరం పోవాల్సి వచ్చింది. (ఈ వ్యాసంలో ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతితో, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. మన ఫుట్‌బాల్‌ను వాళ్లు సాకర్ అంటారు.)

ఇలాంటి కూటమిని అమెరికాలో కాన్ఫరెన్స్ అంటారు. అదేమిటో ముందు చెప్పుకోవాలి. మన దగ్గర విశ్వవిద్యాలయాల పోటీలను భారత విశ్వవిద్యాలయాల సంఘం నడుపుతుంది. దేశాన్ని జోన్లుగా విడగొట్టింది కూడా అదే. ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉస్మానియా సౌత్ జోన్‌లో ఆడతాయి. నార్త్ జోన్‌లో బాగుందని అటు మారిపోయే వీలు వాటికి లేదు. అమెరికాలో అలా కాదు. ఎన్‌సీఏఏ అనే జాతీయ సంస్థ నియమాలు పెడుతుంది, జాతీయ చాంపియన్‌షిప్‌లు జరుపుతుంది. సీజన్ పొడవునా ఎవరు ఎవరితో ఆడాలి, అంపైర్లు ఎవరు, టీవీ హక్కులు ఎవరికి, వచ్చిన డబ్బు ఎలా పంచుకోవాలి అన్నవి కాన్ఫరెన్స్ చేతిలో ఉంటాయి. కాన్ఫరెన్స్ విశ్వవిద్యాలయాలు తమంతట తాము కుదుర్చుకున్న ఒప్పందం. గడువు తీరితే ఎవరైనా లేచి వెళ్లవచ్చు. ఒక్కో విశ్వవిద్యాలయం చాలా ఆటల్లో జట్లను దింపుతుంది. మామూలుగా ఆ జట్లలో అత్యధికం ఒకే కాన్ఫరెన్స్‌లో ఆడతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది.

1915 డిసెంబర్ 2న పోర్ట్‌లాండ్‌లోని ఇంపీరియల్ హోటల్లో నాలుగు విద్యాసంస్థలు కూర్చుని పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌ను ఏర్పాటు చేసుకున్నాయి. అవి బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, వాషింగ్టన్, ఒరెగాన్, ఇవాళ ఒరెగాన్ స్టేట్‌గా ఉన్న అప్పటి వ్యవసాయ కళాశాల. జట్లు రైళ్లలో తిరిగే కాలం. తూర్పు తీరానికి వెళ్లి ఆడి రావాలంటే రోజులు పట్టేది కాబట్టి తీరం వెంబడి ఉన్నవాళ్లే ఒకరికొకరు దిక్కు. 1917లో వాషింగ్టన్ స్టేట్, 1918లో స్టాన్‌ఫర్డ్, 1922లో లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, ఐడహో, ఆ తర్వాత మోంటానా, 1928లో యూసీఎల్‌ఏ చేరాయి.

ఈ కూటమి ఒకసారి చచ్చి బతికిందన్న సంగతి ఇప్పటి గొడవలో చాలామంది మరిచిపోయారు. 1950ల్లో వాషింగ్టన్, యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, బర్క్‌లీ ఫుట్‌బాల్ ఆటగాళ్లకు అభిమాన సంఘాల రహస్య నిధుల నుంచి డబ్బు అందుతోందని బయటపడింది. జరిమానాలు పడ్డాయి, నిషేధాలు వచ్చాయి, ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకున్నారు. 1959లో కూటమి రద్దయింది. వెంటనే బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, వాషింగ్టన్ కలిసి కొత్త కూటమి పెట్టుకున్నాయి. బయట వదిలేసిన వాటిలో ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ ఉన్నాయి! వాషింగ్టన్ స్టేట్‌ను 1962లో, రెండు ఒరెగాన్‌లను 1964లో మళ్లీ చేర్చుకున్నారు. ఐడహోను ఇక పిలవనే లేదు. చిన్న ఊళ్ల విశ్వవిద్యాలయాలను గుమ్మం బయట నిలబెట్టడం 2023లో మొదలైన అలవాటేమీ కాదు.

1968లో ప్యాక్-8, రెండు అరిజోనాలు చేరాక 1978లో ప్యాక్-10. నా దృష్టిలో కాలేజీ ఆటల చరిత్రలో ఇంత చక్కగా అమరిన కూటమి మరొకటి లేదు. పది జట్లు, అయిదు జంటలు. లాస్ ఏంజెలెస్‌లో యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ ఒకే నగరంలోనివి. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి అటూ ఇటూ బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్. ఒరెగాన్‌లో యూజీన్, కార్వాలిస్ మధ్య గంట ప్రయాణం లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో రెండు, అరిజోనాలో రెండు. బాస్కెట్‌బాల్ జట్టు గురువారం ఒక జంటలో ఒకరితో ఆడి, శనివారం రెండోవాళ్లతో ఆడి ఇంటికొచ్చేది. ఒక్క ప్రయాణం, రెండు మ్యాచ్‌లు, ఆదివారానికి హాస్టల్లో. ప్రతి జట్టూ మిగిలిన తొమ్మిదింటితో సొంతగడ్డ మీద ఒకసారి, వాళ్ల గడ్డ మీద ఒకసారి ఆడేది. 2006 నుంచి 2010 వరకు ఫుట్‌బాల్‌లోనూ అందరూ అందరితో ఆడారు. చాంపియన్ ఎవరన్నదానిపై వాదనకే చోటు లేదు.

పొరుగువాడితో ఏటా ఆడితే ఏమొస్తుందో 1982 నవంబర్ 20 చెబుతుంది. బర్క్‌లీ మైదానంలో స్టాన్‌ఫర్డ్ 20-19తో ముందుంది. ఆట ముగియడానికి నాలుగు సెకన్లు. స్టాన్‌ఫర్డ్ దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ జాన్ ఎల్వే పని పూర్తిచేసి పక్కన నిలబడ్డాడు. గెలిచేశామనుకుని స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల బ్యాండు మేళం బూరలతో సహా మైదానంలోకి వచ్చేసింది. బర్క్‌లీ ఆటగాళ్లు బంతిని ఒకరి చేతి నుంచి ఒకరికి అయిదుసార్లు వెనక్కి విసురుకుంటూ, మేళగాళ్ల మధ్య నుంచి దూరి పరుగెత్తారు. చివరివాడు గీత దాటి ట్రాంబోన్ వాయించే కుర్రాణ్ని గుద్దుకున్నాడు. 25-20. ఆ రెండు విశ్వవిద్యాలయాల పూర్వ విద్యార్థులు ఆ ఫలితం మీద ఈనాటికీ వాదించుకుంటారు.

విజేతల కూటమి అన్న పేరు గొప్పకు పెట్టుకున్నది కాదు. ఎన్‌సీఏఏ పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నీ 1939లో మొదలైతే తొలి టైటిల్ ఒరెగాన్‌దే. 1964 నుంచి 1975 వరకు జాన్ ఉడెన్ శిక్షణలో యూసీఎల్‌ఏ పది జాతీయ టైటిళ్లు గెలిచింది. వాటిలో ఏడు వరుసగా వచ్చాయి. 1971-74 మధ్య 88 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడింది. తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్‌గా మారిన లూ ఆల్సిండర్ ఆ జట్టువాడే. అతను ఆడుతున్న రోజుల్లోనే, 1967లో, బంతిని పైనుంచి బుట్టలో కుక్కే డంక్‌ను కాలేజీ ఆటలో నిషేధించారు. పొడగరిని ఆపడానికి నియమమే మార్చారని అప్పుడే అనుకున్నారు. నిషేధం పెట్టాక కూడా అతని జట్టే గెలిచింది.

అదే యూసీఎల్‌ఏలో 1939-41 మధ్య జాకీ రాబిన్సన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, అథ్లెటిక్స్, బేస్‌బాల్ నాలుగూ ఆడాడు. 1947లో మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో వర్ణవివక్ష గోడను బద్దలుకొట్టింది అతనే. ఆర్థర్ ఆష్ ఇక్కడే టెన్నిస్ ఆడి 1965లో కాలేజీ సింగిల్స్ చాంపియన్ అయ్యాడు. యూఎస్‌సీ బేస్‌బాల్‌లో రాడ్ డెడో శిక్షణలో 1970-74 మధ్య వరుసగా అయిదుసార్లు జాతీయ విజేత. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ఆడపిల్లలకు కాలేజీ మైదానాలు తెరిచాక ఈ తీరం మరీ విజృంభించింది. సాఫ్ట్‌బాల్‌లో మైక్ కాండ్రియా నడిపిన అరిజోనా ఎనిమిది టైటిళ్లు గెలిచింది, యూసీఎల్‌ఏ అంతకన్నా ఎక్కువే గెలిచింది. స్టాన్‌ఫర్డ్ మహిళల బాస్కెట్‌బాల్ కోచ్ టారా వాన్‌డర్‌వీర్ 2024లో విరమించేనాటికి 1,216 విజయాలు సాధించారు. 2021 జాతీయ ఫైనల్లో ఆమె జట్టు అరిజోనాను 54-53తో ఓడించింది. ఇద్దరు ఫైనలిస్టులూ ఈ కూటమివాళ్లే. అన్ని ఆటల్లో ప్రతిభను కలిపి లెక్కగట్టి ఇచ్చే డైరెక్టర్స్ కప్‌ను స్టాన్‌ఫర్డ్ 1994-95 నుంచి పాతికసార్లు వరుసగా అందుకుంది.

పరుగు సంగతి వేరుగా చెప్పాలి. యూజీన్‌లోని హేవార్డ్ ఫీల్డ్ ఒరెగాన్ విశ్వవిద్యాలయం మైదానం. అక్కడ కోచ్ బిల్ బవర్‌మన్ దగ్గర పరుగెత్తిన ఫిల్ నైట్ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ఎంబీఏ చదివాడు. ఆ గురుశిష్యులిద్దరూ 1964లో పెట్టిన బూట్ల వ్యాపారమే తర్వాత నైకీ అయింది. 2022లో ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్ జరిగిందీ ఆ మైదానంలోనే. నీరజ్ చోప్రా 88.13 మీటర్లు విసిరి రజతం తెచ్చిన స్టేడియం అంటే మన పాఠకులకు చటుక్కున గుర్తొస్తుంది.

ఇన్ని ఆటల ఇంత కీర్తీ ఖాతా పుస్తకంలో మాత్రం ఖర్చు కిందే కనిపిస్తుంది. ఆదాయం ఫుట్‌బాల్‌ది, కొంత పురుషుల బాస్కెట్‌బాల్‌ది. ఆ ఫుట్‌బాల్ ఆదాయపు మూలం 1984లో ఉంది. అంతవరకు టీవీ ప్రసారాలు ఎన్‌సీఏఏ గుప్పిట్లో ఉండేవి. ఒక జట్టు రెండేళ్లలో ఆరుసార్లకు మించి టీవీలో కనిపించకూడదని పరిమితి. ఓక్లహోమా విశ్వవిద్యాలయం పాలకమండలి వేసిన కేసులో సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో ఆ గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. విభేదించిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ బైరన్ వైట్ కుర్రతనంలో కొలరాడో విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ తార. చదువుకు అనుబంధంగా ఉండాల్సిన ఆటను పూర్తి వ్యాపారంగా చూడకూడదన్నది ఆయన వాదం. చట్టం దృష్టిలో మెజారిటీ తీర్పే సరి కావచ్చు. ఆటల దృష్టిలో మాత్రం వైట్ ముందుచూపే నిజమైంది.

అక్కడి నుంచి హక్కులు కాన్ఫరెన్స్‌ల చేతికి వచ్చాయి, కాన్ఫరెన్స్‌లు ప్రసార సంస్థలకు అమ్మే మూటలయ్యాయి. ప్యాక్-12 ఈ వేటలో అమాయకంగా చిక్కుకున్న లేడిపిల్ల ఏమీ కాదు. 2009లో కమిషనర్‌గా వచ్చిన లారీ స్కాట్ మరుసటేడు టెక్సస్, ఓక్లహోమా తదితరులను లాక్కుని పదహారు జట్ల కూటమి కట్టాలని చూశారు. అది కుదరలేదు. 2011లో కొలరాడో, యూటా చేరాయి. ఆ ఏడే ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో పన్నెండేళ్లకు దాదాపు 300 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అప్పటికి ఏ కాన్ఫరెన్స్‌కూ అంత రాలేదు. ఊపు మీద 2012లో సొంత టీవీ నెట్‌వర్క్ పెట్టారు. ఒక జాతీయ చానల్, ఆరు ప్రాంతీయ చానళ్లు, యాజమాన్యం మొత్తం కూటమిదే. ఏటా వందల సంఖ్యలో వాలీబాల్, జిమ్నాస్టిక్స్, సాకర్, వాటర్‌పోలో మ్యాచ్‌లు చూపించారు. చిన్న ఆటలకు అంత మర్యాద చేసిన చానల్ మరొకటి లేదని ఒప్పుకోవాలి. కానీ దేశంలోని పెద్ద శాటిలైట్ సంస్థ డైరెక్ట్‌టీవీతో బేరం ఎప్పటికీ తెగలేదు. చానల్ చాలా ఇళ్లకు చేరలేదు, డబ్బులు రాలేదు. బిగ్ టెన్ మాత్రం ఫాక్స్‌ను భాగస్వామిగా పెట్టుకుని తన చానల్‌ను లాభాల్లో నడిపింది.

గడియారం కూడా పగబట్టింది. పశ్చిమ తీరంలో సాయంత్రం ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ న్యూయార్క్‌లో రాత్రి పదిన్నరకు మొదలైనట్టు. జనాభా ఎక్కువున్న తూర్పువాళ్లు నిద్రపోయాక ఆడే ఆటకు ప్రకటనదారు ఎంత ఇస్తాడు? పైగా ఫుట్‌బాల్ జాతీయ ప్లేఆఫ్ మొదలైన 2014 తర్వాత ప్యాక్-12 జట్లు అందులోకి వెళ్లిందే మూడుసార్లు. పురుషుల బాస్కెట్‌బాల్‌లో 1997లో అరిజోనా తర్వాత జాతీయ టైటిలే లేదు.

2021లో టెక్సస్, ఓక్లహోమా ఆగ్నేయ కూటమికి వెళ్తున్నట్టు ప్రకటించాయి. కలవరపడ్డ ప్యాక్-12, బిగ్ టెన్, అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏసీసీ) ఆగస్టులో ఒక ‘మైత్రి’ ప్రకటించాయి. సంతకాల్లేవు, మాట మీద నమ్మకమే. పది నెలల తర్వాత, 2022 జూన్ 30న, ఆ మిత్రుడు బిగ్ టెన్ యూఎస్‌సీని, యూసీఎల్‌ఏను తీసుకుపోయింది. లాస్ ఏంజెలెస్ లేని పశ్చిమ తీర కూటమికి మార్కెట్లో చాలా విలువ పోయింది. యూసీఎల్‌ఏ క్రీడా విభాగం అప్పటికి మూడేళ్లలో 10 కోట్ల డాలర్లకు పైగా లోటులో పడింది. ఆ వెంటనే ఆగస్టులో బిగ్ టెన్ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లు దాటిన ఒప్పందం చేసుకుంది. యూసీఎల్‌ఏను మరీ తప్పుపట్టలేం.

మిగిలినవాళ్లు తొందరపడాల్సింది. బిగ్ 12 తొందరపడింది. అక్టోబర్‌కల్లా సభ్యుడికి ఏటా సుమారు 3.17 కోట్ల డాలర్లు వచ్చే ఒప్పందం చేసుకుంది. ఈఎస్‌పీఎన్ తమకు సుమారు 3 కోట్లు ఇస్తానంటే ప్యాక్-12 అధ్యక్షులు 5 కోట్లు అడిగారని, బేరం అక్కడే తెగిపోయిందని అప్పట్లో అమెరికా పత్రికలు రాశాయి. చివరికి మిగిలింది ఆపిల్ ప్రతిపాదన. కచ్చితంగా వచ్చేది బిగ్ 12 కంటే తక్కువ, చందాదారులు పెరిగితేనే ఎక్కువ. జులై 27న కొలరాడో బిగ్ 12కు వెళ్లింది. ఎనిమిది రోజుల తర్వాతి శుక్రవారం గురించి మొదట్లోనే చెప్పాను. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. పసిఫిక్ ఒడ్డున ఉండి అట్లాంటిక్ కూటమిలో! అదీ మొదటి కొన్నేళ్లు మిగిలినవాళ్ల టీవీ వాటాలో మూడోవంతు కూడా తీసుకోకుండా.

కూటమి కూలుతున్న ఆ చివరి సీజన్లోనే వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు ఓటమి లేకుండా జాతీయ ఫైనల్‌కు చేరింది. 2024 జనవరిలో మిషిగన్ చేతిలో 34-13తో ఓడింది. అదే ఆట ఏడాది ముందు ఆడి ఉంటే టీవీ బేరం ఎలా ఉండేదో!

ఇప్పుడు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో చూద్దాం. బర్క్‌లీ నుంచి బోస్టన్‌కు నాలుగు వేల కిలోమీటర్లకు పైనే. కన్యాకుమారి నుంచి శ్రీనగర్‌కు ఆకాశంలో గీత గీస్తే మూడు వేలు దాటదు. ఫుట్‌బాల్ జట్టుకు ఇది పెద్ద భారం కాదు. వారానికి ఒక్క మ్యాచ్, అదీ ఎక్కువగా శనివారం. సీజన్ మొత్తంలో కూటమిలో పరాయి గడ్డ మీద ఆడేది నాలుగైదుసార్లు, ప్రత్యేక విమానంలో. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ జట్లు వారంలో రెండు మూడు మ్యాచ్‌లు, పనిదినాల్లో కూడా ఆడతాయి. మూడు గంటల కాలభేదం, అర్ధరాత్రి విమానాశ్రయాలు, తెల్లారి తరగతి. యూసీఎల్‌ఏ, స్టాన్‌ఫర్డ్, ఒరెగాన్, వాషింగ్టన్‌లలో చదువు పదేసి వారాల టర్ముల్లో సాగుతుంది. అందులో నాలుగు దూర ప్రయాణాలు పడితే ల్యాబ్ ఉన్న కోర్సు ఎలా పూర్తిచేయాలి? కొత్త కూటములు ఒకే ప్రయాణంలో రెండు మ్యాచ్‌లు పెట్టి భారం తగ్గిస్తున్నాయి. పాత ప్యాక్-10 జంటల పద్ధతే అది, కాకపోతే వేల కిలోమీటర్ల దూరంలో. ఈతగాళ్లకు, గోల్ఫర్లకు, పరుగువీరులకు నష్టం తక్కువే, కూటమి చాంపియన్‌షిప్‌కు ఏటా ఒకసారి వెళ్తే సరిపోతుంది.

దూరం మాట ఎత్తకుండా విజయాలు చూపేవాళ్లు ఉన్నారు. వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. కొత్త కూటమిలో మొదటి ఏడాదే, 2024లో, ఒరెగాన్ బిగ్ టెన్ ఫుట్‌బాల్ చాంపియన్ అయింది. అరిజోనా స్టేట్ బిగ్ 12 గెలిచింది. యూసీఎల్‌ఏ మహిళల బాస్కెట్‌బాల్ జట్టు 2025లో ఎన్‌సీఏఏ టోర్నీ సెమీఫైనల్స్‌కు మొదటిసారి చేరింది. ప్రతిభకు దూరం అడ్డం కాదని ఇవి చెబుతాయి. దూరం అవసరమని మాత్రం చెప్పవు.

చిన్న ఆటలు ఎంత సన్నటి కొమ్మ మీద ఉన్నాయో స్టాన్‌ఫర్డ్ 2020లోనే చూపింది. 36 ఆటల్లో 11 ఎత్తేస్తామని ఆ జులైలో ప్రకటించింది. మరుసటి మార్చిలో షేన్ గ్రిఫిత్ అనే మల్లయోధుడు స్టాన్‌ఫర్డ్ పేరు లేని నల్ల దుస్తులు వేసుకుని దిగి జాతీయ టైటిల్ గెలిచాడు. పూర్వ విద్యార్థుల ఒత్తిడితో మేలో విశ్వవిద్యాలయం నిర్ణయం వెనక్కి తీసుకుంది. అప్పటినుంచి ఖర్చులు పెరిగాయే కానీ తగ్గలేదు. ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చని 2021లో తేలింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్లకు మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా పంచవచ్చు. 1959లో ఈ కూటమిని చంపిన పని ఇప్పుడు చట్టబద్ధం. నాకు దానిపై అభ్యంతరం లేదు, సంపాదించేవాడికి వాటా ఉండాలి. కానీ ఆ సొమ్ములో సింహభాగం ఫుట్‌బాల్ ఆటగాళ్లకే పోతుంది. కోత పడేది రోయింగ్‌కు, టెన్నిస్‌కు, ఈతకు.

మిగిలిన ఇద్దరి కథ కొంచెం ఊరట. వెళ్లిపోతున్న పదిమందే కూటమి ఖజానా మీద ఓటు వేయబోతే ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ వాషింగ్టన్ రాష్ట్రంలోని విట్‌మన్ కౌంటీ కోర్టుకెక్కాయి. 2023 నవంబర్‌లో న్యాయమూర్తి బోర్డు పెత్తనం ఆ ఇద్దరికే ఇచ్చారు, రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. రాజీలో వెళ్లినవాళ్లు తలా 65 లక్షల డాలర్లు వదులుకున్నారు. డబ్బు దక్కినా మనుషులు దక్కలేదు. ఒరెగాన్ స్టేట్ ఫుట్‌బాల్ కోచ్ మిషిగన్ స్టేట్‌కు పోయారు. వాషింగ్టన్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ క్యామ్ వార్డ్ మయామీకి వెళ్లి, అక్కడి నుంచి 2025లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంపికలో మొదటివాడయ్యాడు. అయితే ఒరెగాన్ స్టేట్ బేస్‌బాల్ జట్టు ఏ కూటమీ లేకుండా ఒంటరిగా సీజన్ ఆడి, అదే ఏడాది ఒమాహాలో జరిగే కాలేజ్ వరల్డ్ సిరీస్‌కు చేరింది.

2024 సెప్టెంబర్ నుంచి కూటమిని మళ్లీ కడుతున్నారు. బాయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్‌డియేగో స్టేట్, యూటా స్టేట్, ఫుట్‌బాల్ లేని గొంజాగా, చివరగా టెక్సస్ స్టేట్. కొత్త కాపురానికి 2026 జులై 1ని ముహూర్తంగా పెట్టుకున్నారు. అయిదుగురిని మౌంటెన్ వెస్ట్ కూటమి నుంచి తెచ్చుకున్నందుకు ఆ కూటమి దాదాపు 5.5 కోట్ల డాలర్లు కట్టమంది, ప్యాక్-12 కోర్టుకు వెళ్లింది. నిన్న దోపిడీకి గురైనవాళ్లు ఇవాళ పక్కింటి గోడ దూకారు. ఇక టెక్సస్ స్టేట్ ఉన్న శాన్ మార్కోస్‌కూ పసిఫిక్ సముద్రానికీ ఏ సంబంధమూ లేదు. ఫుట్‌బాల్ ఆడే ఎనిమిదో సభ్యుడు కావాలి కాబట్టి చేర్చుకున్నారు. మళ్లీ అదే ఆట, అదే కారణం.

దారి లేదా? ఉంది, చాలాకాలంగా కళ్లెదుటే ఉంది. పురుషుల వాలీబాల్, వాటర్‌పోలో ఆడే విశ్వవిద్యాలయాలు తక్కువ కావడంతో పశ్చిమ తీరంవాళ్లు 1992లోనే మౌంటెన్ పసిఫిక్ స్పోర్ట్స్ ఫెడరేషన్ పేరుతో వేరే ఏర్పాటు చేసుకున్నారు. యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ బిగ్ టెన్‌కు, స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఏసీసీకి వెళ్లాక కూడా ఈ నలుగురి వాటర్‌పోలో కుర్రాళ్లు అందులోనే, ఒకరితో ఒకరు ఆడుకుంటున్నారు. ఏ ఒప్పందమూ చెడలేదు, ఎవరి డబ్బూ తగ్గలేదు. ఫుట్‌బాల్‌ను విడిగా నడిపి మిగిలిన ఆటలను పాత పొరుగుకు పంపాలని 2023 డిసెంబర్‌లో చెప్పింది అప్పటి యూసీఎల్‌ఏ ఫుట్‌బాల్ కోచ్ చిప్ కెల్లీయే. ఫుట్‌బాల్‌వాడే ఆ మాట అన్నాక మిగిలినవాళ్లకు సంకోచం దేనికి? టీవీ సంస్థలు బాస్కెట్‌బాల్‌ను కూడా అదే మూటలో కోరుకుంటాయి కాబట్టి దాన్ని వదలడం కష్టం కావచ్చు. వాలీబాల్‌కు, సాఫ్ట్‌బాల్‌కు, సాకర్‌కు, టెన్నిస్‌కు ఆ సాకు కూడా చెల్లదు.

ఇది మనకు పరాయి గొడవ అనుకోనక్కర్లేదు. నెల్లూరు నుంచి అమెరికా వెళ్లిన కుటుంబంలో పుట్టిన నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్ తరఫున ప్యాక్-12 చివరి సీజన్లలో టెన్నిస్ ఆడాడు. 2024 చివర్లో ప్రొఫెషనల్‌గా మారి, 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ తొలి రౌండ్లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాడు. అంతకు చాలాముందే మన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయానికి ఆడాడు. టెన్నిస్, ఈత, గోల్ఫ్‌లో అమెరికా స్కాలర్‌షిప్ కోసం పిల్లలను సిద్ధం చేస్తున్న తెలుగు తల్లిదండ్రులు ఇక్కడా అక్కడా కనిపిస్తున్నారు. విశ్వవిద్యాలయం ర్యాంకు, కోచ్ పేరు, ఫీజులో ఎంత మాఫీ అన్నవి అందరూ అడుగుతారు. వాటితోపాటు మూడు ప్రశ్నలు అడగండి. ఆ ఆట ఏ కాన్ఫరెన్స్‌లో ఉంది? గత సీజన్లో ఆ జట్టు ఎన్ని పనిదినాలు ఊరు దాటి ఉంది? ఖర్చు తగ్గించాల్సి వస్తే ఆ ఆటను కొనసాగిస్తామని విశ్వవిద్యాలయం రాతపూర్వకంగా చెబుతుందా? సంతకం పెట్టకముందే అడగండి.